హత్యలన్నీ అయ్యాక అడిగిన ప్రశ్న

1968 ఆగస్టు 27న బొంబాయిలో వరస హంతకుడు రామన్ రాఘవ్ దొరికాడు. అతన్ని పట్టుకున్న సబ్ ఇన్‌స్పెక్టర్ అలెక్స్ ఫియాల్హోకు దారి చూపింది పోలీసుల దగ్గర అప్పటికే ఉన్న ఫొటో. నగరం నిద్రమానుకుని వెతుకుతున్న మనిషి ముఖం, మారుపేర్లు, పాత నేరాలు అన్నీ రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. ఒక దోపిడీ కేసులో అయిదేళ్లు జైల్లో ఉండి వచ్చినవాడే. 1965-66లో తూర్పు శివార్లలో, రైలు మార్గం వెంబడి 19 మందిపై దాడులు జరిగి తొమ్మిది మంది చనిపోయినప్పుడు, ఆ చుట్టుపక్కల తచ్చాడుతున్నాడని ఇతన్నే పట్టుకున్నారు. ఆధారాలు లేవని వదిలేశారు. రెండేళ్లకు హత్యలు మళ్లీ మొదలయ్యాయి.

ఆధారం లేనివాణ్ని వదిలేయడం తప్పని మేం అనడం లేదు. చట్టం చెప్పేది అదే, చెప్పాల్సిందీ అదే. మా ప్రశ్న వేరే. అయిదేళ్లు జైల్లో ఉన్నప్పుడు గానీ, ఆ తర్వాత పోలీసుల చేతిలో ఉన్నప్పుడు గానీ ఈ మనిషి మనసులో ఏం నడుస్తోందని ఎవరైనా అడిగారా? ఆ కేసు చరిత్రలో మానసిక పరీక్ష అన్న మాట మనకు కనిపించేది 1969లో. అప్పటికి హత్యలన్నీ అయిపోయాయి, సెషన్స్ కోర్టులో విచారణ మొదలైంది. అక్కడ కూడా ఆ మాట ఎత్తింది డిఫెన్స్ లాయరు.

చనిపోయినవాళ్లు ఎవరన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. దాదాపు అందరూ ఫుట్‌పాత్‌ల మీద, నగర శివార్లలోని గుడిసెల్లో పడుకునే పేదలు. పగలంతా ఒళ్లు హూనం చేసుకుని ఆదమరిచి నిద్రపోతున్నవాళ్ల తలల మీద బరువైన ఇనుప వస్తువుతో మోది చంపేవాడు. దొంగతనం కోసమే అనుకుందామంటే వాళ్ల దగ్గర దోచుకోవడానికి ఏమీ లేదు. చంపినవాడికీ చచ్చినవాడికీ పరిచయం లేదు, పగ లేదు. అందుకే దర్యాప్తు అంత కష్టమైంది. ఒక హత్యకూ మరో హత్యకూ ముడి వేసి, ఇదంతా ఒక్కడి పనే అయుండొచ్చని ఆలోచించడానికి కూడా సమయం పట్టింది. 1968లో క్రైం బ్రాంచి పగ్గాలు చేపట్టిన రమాకాంత్ కులకర్ణి నగరమంతా గాలింపు మొదలుపెట్టించాకే చిక్కుముడి విడింది. ఇదే వరసలో మేడల్లో నివసించేవాళ్లు చనిపోయి ఉంటే 1965లోనే ఆ గాలింపు జరిగేది కాదా అన్న అనుమానం మాకుంది. దాన్ని దాచుకోవాల్సిన అవసరం కూడా మాకు కనిపించడం లేదు.

ఈ కథ చెప్పేవాళ్లంతా కోడికూర దగ్గర ఆగిపోతారు. అరెస్టయ్యాక రాఘవ్ నోరు విప్పలేదని, ఏం కావాలని అడిగితే కోడికూర అడిగాడని, తిన్నాక తలనూనె, దువ్వెన, అద్దం తెప్పించుకున్నాడని, అప్పుడు గానీ తీరుబడిగా అన్నీ చెప్పలేదని ఎన్నోసార్లు చదివాం. ఒప్పుకున్న హత్యలు 41. ఇనుప ఆయుధం దాచిన చోటుకు కూడా తనే తీసుకెళ్లి చూపించాడు. చదవడానికి రక్తికట్టే ఘట్టమే. కానీ కేసులో అసలు గట్టి విషయం దాని తర్వాత, అంతగా ఎవరూ చదవని వైద్యుల నివేదికల్లో ఉంది.

1969 జూన్‌లో విచారణ మొదలైనప్పుడు, నిందితుడికి మతిస్థిమితం లేదు, తన వాదన తాను వినిపించుకోలేడు అని డిఫెన్స్ లాయరు దరఖాస్తు పెట్టుకున్నారు. కోర్టు అతన్ని పోలీస్ సర్జన్ దగ్గరికి పంపింది. దాదాపు నాలుగు వారాలు గమనించి ఆయన ఇచ్చిన అభిప్రాయం ఏమిటంటే, ఇతనికి పిచ్చి లేదు, బుద్ధిమాంద్యమూ లేదు, జ్ఞాపకశక్తి బాగుంది, తెలివి సగటు మనిషి స్థాయిలో ఉంది, కోర్టులో జరుగుతున్నది అర్థం చేసుకోగలడు. విచారణ సాగింది. నిందితుడు నేరం ఒప్పుకున్నాడు. ఉరిశిక్ష పడింది. అప్పీలుకు వెళ్లనన్నాడు.

సెషన్స్ కోర్టు వేసే ఉరిశిక్షను హైకోర్టు ఖరారు చేయాలి. ఆ దశలో బొంబాయి హైకోర్టు ముగ్గురు మానసిక వైద్యులతో ప్రత్యేక బోర్డు వేయించింది. వాళ్లు అతనితో అయిదుసార్లు, ఒక్కోసారి రెండేసి గంటలు కూర్చున్నారు. అప్పుడు బయటపడింది అతని లోకం. ప్రపంచాలు రెండట. ఒకటి మనమంతా ఉన్న ఈ పాపపు ప్రపంచం, రెండోది ‘కానూన్’ (చట్టం) ప్రపంచం. తాను ఆ కానూన్‌కు ప్రతినిధి, తానొక శక్తి. దేశంలో అక్బరు ప్రభుత్వం, బ్రిటిష్ ప్రభుత్వం, కాంగ్రెస్ ప్రభుత్వం అని మూడు ప్రభుత్వాలున్నాయి, అవన్నీ తన వెంట పడుతున్నాయి. తనను ఆడదానిగా మార్చాలని చూస్తున్నారు, కానూన్ ప్రతినిధి కాబట్టి వాళ్ల ఆటలు సాగడం లేదు. బొంబాయికి రప్పించి నేరాలు చేయించింది కూడా ప్రభుత్వమే. చివరి రోజు వీడ్కోలు చెబుతూ డాక్టర్లు చెయ్యి చాపితే, ఈ పాపపు లోకపు మనుషులను ముట్టుకోనని చెయ్యి ఇవ్వలేదు. దీర్ఘకాలిక పారనాయిడ్ స్కిజోఫ్రీనియా అని బోర్డు తేల్చింది.

మనిషి ఒక్కడే. ఒక నివేదికలో పిచ్చే లేదు, మరో నివేదికలో నయంకాని జబ్బు. పోలీస్ సర్జన్ అబద్ధం చెప్పారని మేం అనుకోవడం లేదు. ఆయన చూసినవి నిజమే అయుండాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి జ్ఞాపకశక్తి చెడదు, లెక్కలు తప్పవు, దారి తెలుస్తుంది, పేరు అడిగితే చెబుతారు. పాడైంది వేరే చోట. గుడ్డలు చింపుకుని, అరుచుకుంటూ తిరిగితేనే పిచ్చి అనుకునే సగటు అంచనాకు అది అందదు. ఆయుధం దాచడం తెలిసినవాడికి పిచ్చేమిటి అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చీకట్లో, ఒంటరి గుడిసెల మీద, నిద్రలో ఉన్నవాళ్ల మీద మాత్రమే దెబ్బ వేయగల జాగ్రత్త అతనికి ఉన్నమాట వాస్తవం. తాను కానూన్ ప్రతినిధినని నమ్మడం కూడా అంతే వాస్తవం. రెండూ ఒకే తలలో ఉండగలవు.

మన చట్టానికి ఇబ్బంది వచ్చేది ఇక్కడే. 1843లో ఇంగ్లండు న్యాయమూర్తులు చెప్పిన మెక్‌నాటన్ సూత్రం నుంచి వచ్చిన ఐపీసీ 84వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా కొనసాగుతోంది. మతిస్థిమితం లేనందువల్ల తాను చేస్తున్నదేమిటో తెలియని స్థితిలో, లేదా అది తప్పని, చట్టవిరుద్ధమని గ్రహించలేని స్థితిలో చేసిన పని నేరం కాదని దాని సారాంశం. డాక్టరు జబ్బు పేరు రాసిచ్చినంత మాత్రాన సరిపోదు. ఆ క్షణంలో ఆ మనిషికి తెలుసా, తెలియదా అన్నది కోర్టు చూస్తుంది. నిరూపించే బాధ్యత నిందితుడిది. హత్య జరిగిన ఏ సంవత్సరానికో కేసు నడుస్తుంది. అప్పటి మనసును ఇప్పుడు చూడాలంటే ముందునుంచీ వైద్య రికార్డు ఉండాలి. రైలుపట్టాల పక్కన బతికే వాడికి, అడవిలో పడుకునే వాడికి ఆ రికార్డు ఎవరు రాసి పెడతారు? నేరానికి ముందే వైద్యం చేయించుకోగలిగిన నిందితుడికి మాత్రమే అందుబాటులో ఉండే రక్షణ అది.

1987 ఆగస్టులో హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. అరెస్టయి అప్పటికి 19 ఏళ్లు. పుణెలోని యెరవాడలో చికిత్స పొందుతూ వచ్చిన రాఘవ్ 1995లో ససూన్ ఆస్పత్రిలో మూత్రపిండాల జబ్బుతో చనిపోయాడు. ఆ తీర్పు మీద అప్పట్లోనూ ఇప్పుడూ వినిపించే మాట ఒకటే: అంతమందిని చంపినవాడిని ప్రభుత్వ ఖర్చుతో మేపాలా? చనిపోయినవాళ్ల కుటుంబాల నోట ఈ మాట వస్తే తలవంచుకుని వినడం తప్ప జవాబు చెప్పే అర్హత ఎవరికీ లేదు. మిగతావాళ్లకు మా జవాబు ఉంది. అతను మళ్లీ బయటికి రాలేదు. సమాజానికి కావాల్సిన రక్షణ దొరికింది. ఎందుకు చస్తున్నాడో అర్థంకాని మనిషిని ఉరితీస్తే ఆ శిక్ష ఎవరికి చేరుతుంది? 2014లో శత్రుఘన్ చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు మానసిక జబ్బును ఉరిశిక్ష తగ్గించడానికి ఒక కారణంగా గుర్తించింది. శిక్ష పడ్డాక తీవ్రమైన జబ్బు బయటపడినా లెక్కలోకి తీసుకోవాలని 2019లో మరో తీర్పు చెప్పింది. దారి సరైనదే. కానీ ఇవన్నీ ఉరికొయ్య దగ్గర నిలబడి చేసే విచారాలు.

ఇలాంటిదే అమెరికాలోనూ జరిగింది. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ ప్రాంతంలో హెర్బర్ట్ ములిన్ అనే యువకుడు 1972 అక్టోబరు నుంచి 1973 ఫిబ్రవరి లోపు 13 మందిని చంపాడు. మనుషులు చనిపోతుంటే భూకంపాలు ఆగుతాయని అతని నమ్మకం. అతను అంతకుముందే మానసిక ఆస్పత్రులకు వెళ్లివచ్చినవాడు. జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. ఆ తర్వాత ఆ జ్యూరీ పెద్దే గవర్నర్ రోనాల్డ్ రీగన్‌కు బహిరంగ లేఖ రాశాడు. ఆస్పత్రులు మూసేస్తూ పోయిన ప్రభుత్వానికి ఈ చావుల్లో వాటా ఉందని తప్పుపట్టాడు. నిందితుడిని వదలకుండానే ప్రభుత్వాన్నీ నిలదీసిన ఆ తీరు మాకు నచ్చింది. మన దగ్గర ఈ రెండూ ఒకేసారి చేయవచ్చని ఎవరికీ తోచదు. ఒకణ్ని రాక్షసుడని తిట్టేస్తే మిగతా పని అయిపోయినట్టే.

ఇంకోమాట చెప్పకపోతే ఈ సంపాదకీయమే అపకారం చేస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. దెబ్బలు తినేది, మోసపోయేది, ఇంట్లోంచి గెంటించుకునేది ఎక్కువగా వాళ్లే. వరస హత్యలు చేసేవాళ్లలో చాలామందికి ఈ జబ్బు ఉండదు. డబ్బుకో, కామానికో, ఇంకొకరి ప్రాణం తన చేతిలో ఉందన్న కైపుకో తెలిసి తెలిసి చంపేవాళ్లే ఎక్కువ. వాళ్లకు జాలి లేకపోవడం చట్టం దృష్టిలో మతిస్థిమితం లేకపోవడం కాదు, కాకూడదు కూడా. అయినా ఒక దారుణం జరగగానే పత్రికలు, టీవీలు (మేమూ అందులో ఉన్నాం) వెనకా ముందూ చూడకుండా ‘సైకో’ అని పతాక శీర్షిక పెట్టేస్తాయి. ఆ భయం చివరికి ఎవరి మీద పడుతుందో 2018 మేలో తెలుగు రాష్ట్రాలు చూశాయి. పార్థీ గ్యాంగు అనే దొంగల ముఠా దిగిందని వాట్సాప్‌లో పుకార్లు తిరిగితే ఊళ్లల్లో కర్రలు పట్టుకున్న జనం చేతికి చిక్కింది ముష్టివాళ్లు, దిక్కులేనివాళ్లు, మతి చలించి తిరిగేవాళ్లు.

జబ్బు తెలిసిన కుటుంబాల పరిస్థితి కూడా ఘోరంగానే ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవారిలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. కొడుక్కి చెవిలో మాటలు వినిపిస్తున్నాయంటే ముందు తాయెత్తు కడతారు, తర్వాత పెళ్లి చేస్తారు. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది మనకు ఇప్పటికీ వెటకారపు మాటే గానీ వైద్య సలహా కాదు. పిల్లాడు చెయ్యి చేసుకున్నాక పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, ఇంకా ఏం జరగలేదు కదా, తీసుకెళ్లండి అంటారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ సందు పూడ్చడానికి కొంత ప్రయత్నించింది. దాని 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్స కేంద్రం ఉండాలి. జైలు డాక్టరు మూడు నెలలకొకసారి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు నివేదిక పంపాలి. ఆ నివేదికలో ఏముండాలో చూడండి: తమ జైల్లో మానసిక జబ్బు ఉన్న ఖైదీలు ఎవరూ లేరని ధ్రువీకరణ. ఉన్నవాళ్లను వైద్యానికి పంపేసి, లేరని రాయాలన్నది చట్టం ఉద్దేశం. కిక్కిరిసిన జైల్లో, మానసిక వైద్యుడే లేని చోట, అదే కాగితం మీద సంతకం చేయడం ఎంత సులువో చెప్పక్కర్లేదు. వెతకనివాడికి జబ్బు కనపడదు. 1969 నాటి పోలీస్ సర్జన్ కనీసం నాలుగు వారాలు చూశారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలను మేం అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రిమాండుపై జైలుకు వచ్చే ప్రతి మనిషినీ బరువు, బీపీ చూసినట్టే, మనసు గురించి కూడా శిక్షణ ఉన్న ఒక వ్యక్తి కూర్చోబెట్టి అడగాలి. దొంగతనం కేసైనా, చిల్లర గొడవైనా సరే. అనుమానం వస్తే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరుకు చూపించాలి. ఆ కాగితం కేసు ఫైలుతో పాటు, విడుదలైన రోజున అతని చేతికీ, దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికీ చేరాలి. మందులు జైలు గేటు దగ్గర ఆగిపోకూడదు. మూడు నెలలకొకసారి జైళ్లు ఇస్తున్న ‘ఎవరూ లేరు’ ధ్రువపత్రాలను రెండు రాష్ట్రాల బోర్డులూ బయటపెట్టాలి. ఎన్ని జైళ్లు పంపుతున్నాయి, సంతకం చేసే ముందు ఖైదీలను చూసింది ఎవరు, ఎంతసేపు చూశారు అన్న వివరాలతో సహా.