మెషీన్ ఒకటంటే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి

కార్ల షోరూములో లెక్కలు చూసే ఉద్యోగం నాది. "కార్డు మెషీన్‌ను మన సాఫ్ట్‌వేర్‌తో కలిపేశాం, ఇక మీకు సగం పని తగ్గినట్టే" అన్నారు. కలిసిన మాట నిజమే, ఎడమొహం పెడమొహంగా ఉండే తోడికోడళ్లు ఒకే ఇంట్లో కలిసి ఉన్నట్టు.

సర్వీసుకు వచ్చిన బండి యజమాని కార్డు పెడతాడు. డబ్బు అందిందని మెషీన్ రసీదు కూడా ఇస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం జాబ్ కార్డు (ఆ బండికి చేసిన పనుల చిట్టా) మీద ఎర్ర అక్షరాలతో "బాకీ" అని అలాగే ఉంటుంది. బాకీ తీరనిదే గేట్ పాస్ రాదు. తాళంచెవి నా చేతిలో, రసీదు ఆయన చేతిలో, మధ్యలో తెరమీద గిరగిరా తిరిగే గుండ్రని గుర్తు. మళ్లీ కార్డు పెట్టమంటే డబ్బు రెండుసార్లు పోతుందని ఆయన భయం. ఆయన భయం న్యాయమే.

అసలు నరకం మర్నాడు పొద్దున మొదలవుతుంది. బ్యాంకు ఏ బిల్లు డబ్బు ఆ బిల్లుకు విడిగా వేయదు. లావాదేవీలన్నీ మూటగట్టి, కమిషన్ కోసుకుని, ఒకే మొత్తంగా జమ చేస్తుంది. విడిభాగాలు, సర్వీసు, కొత్త బండి అడ్వాన్సు అన్నీ ఆ మూటలోనే. ఎవరైనా బుకింగ్ రద్దు చేసుకుంటే ఆ వాపసు కూడా అందులోంచే. మా సాఫ్ట్‌వేరేమో కోతలేని పూర్తి మొత్తం కోసం వెతికి చేతులెత్తేస్తుంది. ఇక కార్డుల చివరి 4 అంకెలు పట్టుకుని, పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ నేనే జతలు కలపాలి.

ఒకసారి విసుగెత్తి రెండు కంపెనీల వాళ్లనూ ఒకే ఫోనులో కలిపాను. "మా వైపు అంతా సరిగ్గానే ఉంది" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.