మన సెట్‌టాప్ బాక్సులో మూసి ఉంచిన పేజీ

డీటీహెచ్ కనెక్షన్ తీసేసి, పాత బాక్సును అటక మీద పడేసిన ఇళ్లు మన హైదరాబాద్‌లో కోకొల్లలు. ఓటీటీలు వచ్చాక దానితో పనేముందని ఇంట్లోవాళ్లు అనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ బాక్సు ఎందుకూ కొరగాకుండా పోయింది దాని మెనూలో, ఫ్రీక్వెన్సీని మనమే టైపు చేసి వెతుక్కునే ఒక పేజీని కంపెనీలు మూసి ఉంచడం వల్లనేనని నా అభియోగం. అందుకు అమెచ్యూర్ టెలివిజన్‌ను సాక్ష్యంగా చూపిస్తాను.

హామ్ రేడియో, అంటే వ్యాపారానికి కాక అభిరుచి కోసం నడిపే రేడియో, లైసెన్సు ఉన్నవారు మాటతో ఆగకుండా తమ కెమెరా దృశ్యాన్ని కూడా రేడియో తరంగాల మీద పంపడమే అమెచ్యూర్ టెలివిజన్. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్న ఊరు కనుక హామ్‌లంటే మనవాళ్లకు కొంత తెలుసు, కానీ వాళ్లు టీవీ ప్రసారాలు కూడా చేస్తారంటే ఇప్పటికీ వింతగా చూస్తారు. బ్రిటన్‌లో ఇందుకోసమే పుట్టిన క్లబ్బు 1949 నుంచి నడుస్తోంది. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగామి టిమ్ పీక్ ఒక బ్రిటిష్ పాఠశాల విద్యార్థినులతో మాట్లాడినప్పుడు, ఆయన గొంతుతో పాటు రూపం కూడా వాళ్లకు చేరింది ఇలాంటి హామ్ టీవీ ట్రాన్స్‌మిటర్ ద్వారానే. అది పంపినది డీవీబీ-ఎస్ సిగ్నల్, అంటే మన పాత డిష్ బాక్సులు నిత్యం అందుకున్న రకమే.

డిజిటల్‌కు మారినప్పుడు హామ్‌లు కొత్త ప్రమాణమేదీ తయారు చేసుకోకుండా డీవీబీ-ఎస్, దాని తర్వాతి తరమైన డీవీబీ-ఎస్2 లనే ఎంచుకోవడానికి పెద్ద కారణం, వాటిని అందుకునే రిసీవర్లు ఇంటింటికీ చేరి చవకగా దొరకడమే. శాటిలైట్ బాక్సు కేబుల్ మీద వినేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు, హామ్‌లు టీవీకి ఎక్కువగా వాడే బ్యాండ్లలో ఒకటి 1240 నుంచి 1300 మధ్య ఉంది. కాబట్టి దగ్గర్లో ఎవరైనా ఆ బ్యాండులో డీవీబీ-ఎస్ ప్రసారం చేస్తుంటే డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు బిగించి, సిగ్నల్‌ను తక్కువ ఫ్రీక్వెన్సీకి మార్చి కేబుల్‌లోకి పంపే భాగం) అవసరం లేకుండా, ఒక మామూలు యాంటెన్నాను బాక్సు వెనక ఉన్న సాకెట్టుకు తగిలించినా బొమ్మ రావచ్చు. ఆ సాకెట్టు నుంచి ఎల్‌ఎన్‌బీ కోసం 13 లేదా 18 వోల్టులు బయటికి వస్తుంటాయి కనుక ముందు మెనూలో ఎల్‌ఎన్‌బీ పవర్ ఆపేయాలన్న సంగతి మాత్రం మరవకూడదు.

మన నగరంలో అలా ప్రసారం చేసే పొరుగువాడి కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఎందుకంటే పైన ఉపగ్రహం ఉంది. ఖతార్‌కు చెందిన ఎస్‌హెయిల్-2 ను 2018 నవంబరు 15న ఫాల్కన్-9 రాకెట్టు మోసుకెళ్లింది. దాని మీద హామ్‌ల కోసం ప్రత్యేకంగా అమర్చిన ట్రాన్స్‌పాండర్ల (కింది నుంచి అందుకున్న సిగ్నల్‌ను తిరిగి భూమికి పంపే పరికరాల) పేరు క్యూవో-100. 10,491 నుంచి 10,499 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న 8 మెగాహెర్ట్జ్ భాగం డిజిటల్ టీవీదే. ఉపగ్రహం ఉన్నది తూర్పు రేఖాంశం 25.9 డిగ్రీల వద్ద, అంటే మనకు బాగా పడమట. హైదరాబాద్ నుంచి దిక్సూచిలో 257 డిగ్రీల వైపు, నేలకు సుమారు 28 డిగ్రీల ఎత్తులో చూడాలి. డీడీ ఫ్రీ డిష్ కోసం ఆగ్నేయం వైపు, ఆకాశంలో బాగా పైకి చూసే డిష్‌లను బిగించి అలవాటైన టెక్నీషియన్‌కు ఈ కోణం అసలు నచ్చదు. మన ఆఫ్‌సెట్ డిష్ ఈ ఎత్తుకు దాదాపు నిటారుగా నిలబడుతుంది కనుక, "సార్, ఇది ఎదురు బిల్డింగును చూస్తోంది సార్" అంటాడు. (పడమరకు కాస్త నైరుతి కలిసిన ఈ దిక్కును వాస్తు చూసేవారు ఏమంటారో అడగలేదు.)

అసలు తిరకాసు ఎల్‌ఎన్‌బీ తిప్పుడులో ఉంది. ఉపగ్రహం మన రేఖాంశానికి 52 డిగ్రీలకు పైగా పడమట ఉండటం, మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం వల్ల, అది అడ్డంగా పంపిన తరంగం మన మేడ మీదికి వచ్చేసరికి సుమారు 68 డిగ్రీలు వాలి, దాదాపు నిలువుగా మారుతుంది. టీవీ భాగం హారిజాంటల్ అని చదివి మెనూలో హెచ్ ఎంచుకుని, ఎల్‌ఎన్‌బీని నిలువుగా వదిలేస్తే క్వాలిటీ గీత కదలనే కదలదు. వీ (వర్టికల్, అంటే నిలువు) ఎంచుకుని, మిగిలిన ఇరవై చిల్లర డిగ్రీలను పట్టీ వదులు చేసి వేళ్లతో తిప్పుకోవాలి. ఐరోపా వాళ్లు రాసిన సూచనలు వాళ్ల కోణాలకు రాసినవి, మన కోణం మనమే లెక్క వేసుకోవాలి.

తర్వాతి అడ్డంకి అంకెలది. మామూలు ఎల్‌ఎన్‌బీ 9,750 మెగాహెర్ట్జ్‌ను తీసేసి మిగిలినది కిందికి పంపుతుంది. ఆ లెక్కన 10,491.5 వద్ద ఉండే బీకన్ (ఉపగ్రహం నుంచి ఎప్పుడూ వచ్చే గుర్తు ప్రసారం) 741.5 అవుతుంది, 950 నుంచి మొదలయ్యే బాక్సుకు అది అందదు. దీనికి హామ్‌లు కనుక్కున్న ఉపాయం చూడముచ్చటైనది. పీఎల్‌ఎల్ రకం (క్రిస్టల్ ఆధారంగా ఫ్రీక్వెన్సీని నిలబెట్టే) ఎల్‌ఎన్‌బీ లోపల 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే, దానిని 390 రెట్లు చేసి 9,750 తయారవుతుంది, ఆ క్రిస్టల్‌ను తీసి 24 ది పెడితే అది 9,360 అవుతుంది, బీకన్ 1,131.5 వద్దకు వచ్చి బాక్సు పరిధిలో పడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనే అలవాటున్నవారికి, సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ పట్టగలవారికి ఇది అసాధ్యమైన పనేమీ కాదు. బాక్సులో ఎల్‌ఎన్‌బీ అంకె మార్చే వీలు లేకపోతే 9,750 నే ఉంచి, ట్రాన్స్‌పాండర్ ఫ్రీక్వెన్సీ గడిలో బీకన్ అంకెకు 9,750, 9,360 ల తేడా అయిన 390 కలిపి 10,881 లేదా 10,882 అని టైపు చేస్తే సరి.

ఇంత చేసినా అన్నీ కనిపిస్తాయని ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. బీకన్ సింబల్ రేటు, అంటే సిగ్నల్‌లో డేటా ముక్కలు వచ్చే వేగం, సెకనుకు 1,500 కిలోసింబల్స్, చాలా బాక్సులు 2,000 కంటే తక్కువ అంకెను తీసుకోవు. విడి హామ్‌లు వాడే 333 వంటి రేట్లు వాటికి అసలే అందవు. ఎండకు ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ కొంచెం జరిగినా ఇంత సన్నటి సిగ్నల్ జారిపోతుంది. పాత ఎంపెగ్-2 బాక్సులకు డీవీబీ-ఎస్2 తెలియదు. వీటన్నిటికీ విరుగుడు కూడా ఇంటి టీవీ సామానులోనే దొరికింది. కంప్యూటర్లో టీవీ చూడటానికి అమ్మిన ఆర్‌టీఎల్2832యూ చిప్ డాంగిల్ ముడి సిగ్నల్‌ను కూడా బయటికి ఇస్తుందని 2012లో లోకానికి తెలిసింది. 741 మెగాహెర్ట్జ్ దానికి నేరుగా అందుతుంది, మిగతా పని సాఫ్ట్‌వేర్‌ది.

ఇక నా కోపం సంగతి. చందా లేని ఛానళ్ల కోసం కొనే ఫ్రీ-టు-ఎయిర్ బాక్సులో ఫ్రీక్వెన్సీ, సింబల్ రేటు, పోలరైజేషన్ (హెచ్ లేదా వీ) టైపు చేసే పేజీ ఉంటుంది. చందా కంపెనీ ఇచ్చే బాక్సులో అదే తరగతి ట్యూనర్ ఉన్నా ఆ పేజీ మనకు అందదు. నేను నా కంపెనీని అడిగితే, అలాంటి ఆప్షన్ లేదని ఒకరు, ఉన్నా మీకు అవసరం లేదని ఇంకొకరు చెప్పారు. నాకేది అవసరమో నిర్ణయించే పని వాళ్లకు ఎవరు అప్పగించారు? పైరసీ భయమంటే ఒప్పుకోను. చందా ఛానళ్లకు రక్షణ స్మార్ట్ కార్డు, ఎన్‌క్రిప్షన్‌లలో ఉంది కానీ ట్యూనింగ్ పేజీని దాచడంలో లేదు. పైగా హామ్ ప్రసారాల అర్థాన్ని సంకేతాలతో దాచకూడదన్నది అంతర్జాతీయ నియమం, అవి చూడమని పంపేవే.

ఇదంతా ఎందుకు, ఆ సిగ్నళ్లను ఇంటర్నెట్‌లో స్ట్రీమింగ్‌గా చూడొచ్చు కదా అనేవారికి ఒకటే చెప్పగలను: స్ట్రీమింగ్‌లో కనిపించేది ఇంకెవరో బిగించిన డిష్ పట్టిన సిగ్నల్.

సెట్‌టాప్ బాక్సులు ఏ కంపెనీ కనెక్షన్‌కైనా పనిచేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లోనే సిఫార్సు చేసింది. శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉండే టీవీల కోసం భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్, ఐఎస్ 18112:2022 ప్రమాణాన్ని ప్రకటించింది. అమ్మే ప్రతి బాక్సులోను, ఇలాంటి ప్రతి టీవీలోను మాన్యువల్ ట్యూనింగ్ పేజీ ఉండాలని, అందులో సింబల్ రేటు కనీసం 1,000 వరకు దిగాలని ఈ రెండు సంస్థలూ ఒక వాక్యం చేర్చితే తయారీదారుకు పడే అదనపు ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఈలోగా, మీ ఇంట్లోని ఫ్రీ-టు-ఎయిర్ బాక్సు మెనూలో సింబల్ రేటు గడి తెరిచి 1,500 టైపు చేసి చూడండి. ఆ అంకెను ఒప్పుకున్న బాక్సు ఏ మోడలో కింద రాస్తే, హైదరాబాద్‌లో కొనదగ్గ బాక్సుల జాబితా నేను తయారు చేసి ఇక్కడే పెడతాను.