సవరణ: చదరంగం ఏపీఐల గురించి నేను రాసిన దానిలో తప్పులు

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ పిల్లల ఆన్‌లైన్ చదరంగం ఫలితాలను ఒకేచోట చూపే మా పట్టిక గురించి పోయిన వారం రాస్తూ, లీచెస్, చెస్ డాట్ కామ్ అనే చదరంగం సైట్ల ఏపీఐలు (బయటి ప్రోగ్రామ్ సైటుతో నేరుగా మాట్లాడే మార్గాలు) ఒకే తీరువని, రెండింటికీ టోకెన్ (ప్రోగ్రామ్‌కు అనుమతిగా ఇచ్చే రహస్య సంకేతం) తప్పనిసరని చెప్పాను. అది తప్పు.

చెస్ డాట్ కామ్ బహిరంగ ఏపీఐ చదవడానికి మాత్రమే ఉద్దేశించినది; దానికి టోకెన్ అక్కర్లేదు, దాని ద్వారా ఎత్తు వేయడమూ కుదరదు. లీచెస్‌లో కూడా బహిరంగ ఆటలను టోకెన్ లేకుండానే చదవవచ్చు. ఆటగాడి తరఫున ఎత్తు వేయాలంటే మాత్రం అతడు అనుమతించిన టోకెన్ కావాలి. ఎలక్ట్రానిక్ బల్ల మీద నిజమైన పావులు జరుపుతూ ఆన్‌లైన్‌లో ఆడే సాధనాలను ఆటగాళ్లే తయారు చేసుకోగలిగింది ఈ వెసులుబాటు వల్లనే, కనుక దీన్ని చిన్న తేడాగా నేను చూడలేను.

పట్టిక ఆగిపోయిన రోజున లీచెస్ సైటే మనల్ని అడ్డుకుందన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. లీచెస్ ఒకసారికి ఒకే అభ్యర్థన పంపమని, 429 సమాధానం (అభ్యర్థనలు మరీ ఎక్కువయ్యాయనే సంకేతం) వస్తే పూర్తి నిమిషం ఆగమని ముందే చెబుతుంది. మా ప్రోగ్రామే పిల్లలందరి వివరాలను ఒక్కసారిగా అడిగింది. పాత ఆటలు పెద్ద మొత్తంలో కావలసినవారు ఏపీఐని శ్రమ పెట్టనక్కర్లేదు: 2013 జనవరి నుంచి ఆడిన రేటెడ్ (రేటింగ్ లెక్కకు వచ్చే) ఆటలను లీచెస్ నెలవారీ ఫైళ్లుగా, సీసీ0 (ఎవరైనా షరతులు లేకుండా వాడుకోవచ్చనే అనుమతి) కింద ఉచితంగా ఇస్తోంది.