సగటు అంకె బాల్కనీకి సరిపోదు

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఫ్లాటు చూడ్డానికి వెళ్లినవారు కావేరి నీళ్లొస్తాయా, వాకిలి తూర్పుకేనా, ఆస్తి రికార్డు ఈ-ఖాతా ఉందా అని అడుగుతారు. మారతహళ్లి నుంచి కృష్ణరాజపురం దాకా అలా అడిగేవారిలో తెలుగువారు తక్కువేం కాదు. పడకగది కిటికీ దగ్గర గాలి సంగతి అడిగితే మాత్రం ఊరి సగటు అంకె చేతికొస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు. ఆ కిటికీది కాదు, అంతే.

వాహనాల పొగ రోడ్డు అంచు నుంచి మొదటి 150 మీటర్లలోనే చాలావరకు పలచబడుతుంది. రోడ్డుకు 20 మీటర్లలో ఉన్న టవరుకూ, అదే ప్రాంగణంలో 200 మీటర్లు వెనక ఉన్న టవరుకూ పీల్చే గాలి వేరు. సిల్క్ బోర్డు కూడలిలోని ఒక్క కొలత కేంద్రంతో ఈ తేడా తేలదు. తేల్చాల్సింది కంప్యూటర్ మోడల్. ఆ లెక్క కట్టే తీరు మీదే మా పేచీ.

రోడ్డును ముక్కలు చేసి, ప్రతి ముక్కలో గంటకు ఎన్ని బైకులు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు పోతున్నాయో విడివిడిగా లెక్కపెట్టాలి. ఒక్కోటి కిలోమీటరుకు వదిలే పొగ గ్రాములతో, ముక్క పొడవుతో హెచ్చించాలి. తప్పు ఇక్కడే మొదలవుతుంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఒక్క రోజు లెక్కపెడితే అర్ధరాత్రి లారీలు అందులో పడవు. గ్రాముల అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపిన బండిది. ఆగుతూ పాకుతూ పోయే బండి అంతకంటే ఎక్కువే వదులుతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ ప్రమాణాలు వచ్చాక కొత్త బండ్ల పొగ తగ్గింది గానీ టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, రోడ్డు దుమ్ము పోలేదు. దుమ్ముకు ఊహ పనికిరాదు. కొలిచిన చోటు ఊడ్చి, 75 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగినదాన్ని తూచాలి. అమెరికా రోడ్ల పట్టికలోని అంకెను తెచ్చి మెట్రో పనుల మట్టి పేరుకున్న సర్వీస్ రోడ్డుకు అతికిస్తే ఏం తేలుతుంది?

గాలి వీచే లెక్క దగ్గర పొరపాటు ఇంకా పెద్దది. ఈ మోడళ్ల సూత్రంలో గాలి వేగం హారంలో ఉంటుంది; వేగం సున్నాకు దిగేకొద్దీ జవాబు అనంతానికి పోతుంది. అందుకని దాదాపు కదలిక లేని గంటలను ‘నిశ్చలం’ అంటూ పక్కన పెట్టేస్తుంటారు. చలికాలం తెల్లవారుజామున పొగ నేలను అంటిపెట్టుకుని ఉండే గంటలు సరిగ్గా అవే. కష్టమైన ప్రశ్నలు కొట్టేసి మిగతావాటికి నూటికి నూరు వేసుకున్నట్టు!

కాలిఫోర్నియా రవాణా శాఖ వారి కాలైన్-4 అనే మోడల్ బయలు ప్రదేశానికి కట్టినది. రెండువైపులా ఎత్తైన భవనాలున్న వీధిలో గాలి కప్పుల మీదుగా అడ్డంగా వీస్తే లోపల సుడి తిరిగి, నేలమీది పొగను గాలి వచ్చే వైపు వరస గోడకే చేరుస్తుంది. గాలి మన ఇంటి వైపు నుంచే రోడ్డుకు పోతుందిలే అని ధీమాగా ఉన్నవారికే దెబ్బ. అక్కడ డెన్మార్క్‌లో పుట్టిన ఓఎస్‌పీఎం లాంటి మోడల్ వాడాలి. ఇక ఊరి గాలిలో ముందే ఉన్న కాలుష్యాన్ని కూడా కలపాలి; దాన్ని రోడ్డు పక్క యంత్రం నుంచి తీసుకుంటే అదే పొగ రెండుసార్లు లెక్కకొస్తుంది.

కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే నిర్మాణాలకు పర్యావరణ అనుమతి ఎలాగూ కావాలి. గంటలవారీ, అంతస్తులవారీ లెక్కను ఆ దరఖాస్తులోనే అడగాలి. వాహనాల సంఖ్య, లెక్కలో వాడిన గాలి వేగం వివరాలు జనం ముందు పెట్టించాలి. నైట్రోజన్ డయాక్సైడ్‌కు మన ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 10. కాబట్టి లెక్క సగానికి సగం తప్పితే తీర్పే మారిపోవచ్చు. రోడ్డుకు 10, 50, 150 మీటర్ల దూరాల్లో ఆ వాయువును పీల్చుకునే చవకైన కొలత గొట్టాలు కట్టి, 2 నుంచి 4 వారాలు ఉంచి, మోడల్ జవాబుతో పోల్చాలి. మొదటి గొట్టం కట్టాల్సిన చోటు, బ్రోచర్లో ప్రధాన గేటు పక్కన రోడ్డుకు ఆనించి గీసిన పిల్లల ఆటస్థలం.