గుప్పెడు బుడ్డల లెక్క

సిగరెట్ మానేసిన మగవాడి పొట్ట అనంతపురంలో సొంత ఆస్తి కాదు, ఉమ్మడి ఆస్తి. టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా ఎవరైనా దాన్ని ఆపి తనిఖీ చేయవచ్చు, వేలితో పొడిచి చూడవచ్చు, అభిప్రాయం చెప్పవచ్చు. "ఏమప్పా, బాగా ఒళ్ళు చేసినావే!" అన్నది నోటీసు. "సిగరెట్ మానేస్తే ఇట్లే అయితాదిలే" అన్నది తీర్పు. "మా బామ్మర్ది కూడా ఇట్లే ఊరినాడు, మళ్లా మొదలుపెట్టినాక సరిపాయె" అన్నది శిక్షా, వైద్యమూ రెండూ. ఇదే పెద్దమనుషులు అతను ఇరవై ఏళ్లు రోజుకో పెట్టె తగలేస్తుంటే పక్కనే నిలబడి టీ తాగారు, అడిగితే అగ్గిపెట్టె కూడా ఇచ్చారు. వాళ్లను తప్పుపట్టలేం. ఊపిరితిత్తులు పక్కటెముకల వెనక దాక్కుంటాయి, పొట్ట మాత్రం చొక్కా బొత్తాల సందులోంచి బయటికి తొంగి చూస్తుంది. మర్యాదస్తులు కంటికి కనబడిన దాని గురించే కదా మాట్లాడాలి.

కాబట్టి ఈ వ్యవహారాన్ని సిగరెట్ తరఫున నిలబడి, నిష్పక్షపాతంగా విచారించడం మన ధర్మం.

సిగరెట్ తాగితే సన్నగా ఉంటారన్న సిద్ధాంతం బామ్మర్ది కనిపెట్టింది కాదు. 1928లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ సిగరెట్ వాళ్లు స్వీటు తినబుద్ధయితే దాని బదులు మా సిగరెట్ అందుకోండి అని ప్రకటనలు వేశారు. మిఠాయి కంపెనీల వాళ్లు గొడవ చేశారు కూడా. ఆ ప్రకటన దాదాపు నూరేళ్లు ప్రయాణం చేసి సుభాష్ రోడ్డు టీ బంకు దగ్గర దిగి, ఇప్పుడు ఉచిత వైద్య సలహాగా పనిచేస్తోంది.

సిద్ధాంతంలో నిజం లేకపోలేదు. నికోటిన్ మెదడులో ఆకలిని అణిచే కణాలను తట్టి లేపుతుంది. పైగా గుండెను తరిమి, ఊరికే కూర్చున్న మనిషి చేత కూడా కాస్త ఎక్కువ ఇంధనం కాల్పిస్తుంది. ఎంత ఎక్కువ? 1986లో కొలిచి చూశారు. రోజుకు 24 సిగరెట్లు తాగించి లెక్కేస్తే, తాగని రోజు కన్నా సుమారు పది శాతం, అంటే ఓ 200 కేలరీలు ఎక్కువ ఖర్చయ్యాయి.

ఈ 200 దగ్గర మన జిల్లావాసి కాసేపు ఆగాలి. వంద గ్రాముల బుడ్డల (వేరుశనగ) గింజల్లో 560 కేలరీల పైచిలుకు ఉంటాయి. అంటే 200 కేలరీలకు 35 గ్రాముల గింజలు చాలు. గింజ శాతం 70 అని పట్టుకుంటే (రైతును అడగండి, ఆ అంకె నిద్రలో కూడా చెబుతాడు) పొట్టుతో 50 గ్రాములు. అరచేతిలో పట్టేటన్ని. ఇరవై నాలుగు సిగరెట్లు, ఇరవై నాలుగు సార్లు అగ్గిపుల్ల గీయడం, రాత్రంతా దగ్గు, చొక్కాకు రంధ్రాలు, పెళ్లాంతో తగాదా, ఇంత మహాయజ్ఞం చేసి ఒంట్లోంచి తీసిపారేసింది గుప్పెడు బుడ్డలు. ఆ సిగరెట్ల డబ్బుకు మార్కెట్ యార్డులో ఎన్ని కాయలొస్తాయో లెక్క వేసుకోవడం ఎవరి ఇష్టం వాళ్లది.

ఇక మానేస్తే ఎంత పెరుగుతారు? చాలా అధ్యయనాలను కలిపి 2012లో వేసిన లెక్క ప్రకారం మందూ మాకూ లేకుండా మానిన వాళ్లు సగటున మొదటి నెలకు కిలో పైన, మూడు నెలలకు 2.85 కిలోలు, ఏడాదికి 4.67 కిలోలు పెరిగారు. పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. నూటికి పదహారు మంది తగ్గారు. పదమూడు మంది మాత్రం పది కిలోలు దాటారు. ఊరు ఎప్పుడూ ఆ పదమూడు మందినే చూపిస్తుంది. పదహారు మందీ ఎవరి కంటా పడరు, సన్నగా ఉన్నారు కదా.

పొగ ఆగాక నాలుకకు రుచి, ముక్కుకు వాసన తిరిగొస్తాయి. రాయలసీమలో ఇది చిన్న ప్రమాదం కాదు. ఇన్నేళ్లూ కారంగా మాత్రమే తెలిసిన ఊరిబిండి పచ్చడి ఇప్పుడు ఊరిబిండిలాగే తెలుస్తుంది. రెండో సంగటి ముద్ద అడగకుండానే పళ్లెంలోకి వస్తుంది. ఇక్కడ సంగటి మీద ఉన్న ఒక భక్తిని కూడా విచారణకు పెట్టాలి. రాగి తింటే సన్నబడతారని నమ్మి మూడు ముద్దలు లాగించేవాళ్లున్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో వంద గ్రాముల రాగులకు 321 కేలరీలు, తెల్ల బియ్యానికి 356. తేడా 35. ముద్దలో బియ్యం కూడా కలుస్తుంది కాబట్టి ఆ తేడా ఇంకా తక్కువ. రాగి గొప్పతనం పీచులో ఉంది: పదకొండు గ్రాములు, బియ్యంలో మూడు లోపే. సిగరెట్ మానిన తొలి వారాల్లో చాలామందికి మలబద్ధకం పట్టుకుంటుంది. పొగ పేగుల్ని కూడా తోలేది మరి. ప్యాంటు బిగుసుకోవడంలో తొలి నెల వాటా కొంత ఈ ఉబ్బరానిదే, కొవ్వుది కాదు. ఒక ముద్ద, దాంతో ఆకుకూర పప్పు, రెండు చెంబుల నీళ్లు. మూడు ముద్దలైతే పీచుతో పాటు మిగతాదీ లోపలికే పోతుంది.

అసలు దోషి మాత్రం టీ గ్లాసు. దానికి శిక్ష పడకపోవడం మన న్యాయ వ్యవస్థ లోపం. ఒకప్పుడు గ్లాసుకు జతగా సిగరెట్ ఉండేది. అది పోయిన చోట బన్నో, సమోసానో, రెండు బిస్కెట్లో చేరాయి. అవి పక్కన పెట్టినా, రోజుకు ఆరు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అంటే పన్నెండు చెంచాలు. చెంచాకు నాలుగు గ్రాములు, గ్రాముకు నాలుగు కేలరీలు. మొత్తం 192. ఇరవై నాలుగు సిగరెట్లు కాల్చి సాధించే ఘనకార్యాన్ని టీలో చక్కెర మానేసిన వాడు పొగ రాకుండా సాధిస్తాడు. ఇంత సులువైన పని కాబట్టే దీన్ని ఎవరూ చేయరు. బంకులో అయితే చక్కెర పాలల్లోనే వేసి మరగబెడతారు, "చక్కెర తక్కువ అన్నా" అంటే ఆయన తల ఊపి అదే పోస్తాడు. వన్ బై టూ చెప్పడమొక్కటే మార్గం. చక్కెర సగమవుతుంది, టీ కూడా సగమవుతుంది.

టీ సగమవడం మరీ ముఖ్యం, దీని సంగతి బంకు దగ్గర ఎవరూ చెప్పరు. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను అరగదీసే ఎంజైమును పరుగులు పెట్టిస్తాయి. పొగ ఆగిన కొద్ది రోజులకే అది మామూలు నడకకు వస్తుంది. అప్పుడు ఒంట్లో కెఫీన్ ఇంచుమించు రెట్టింపు నిలుస్తుంది. తాగింది ఆరు టీలే, ఒంటికి తెలిసింది పన్నెండు. చేతుల్లో వణుకు, గుండె దడ, అర్ధరాత్రి దాకా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం. అంతా కలిపి "సిగరెట్ మానడం నాకు పడలేదు" అనే ఖాతాలో రాసేస్తారు. నిద్ర చాలని మనిషికి మర్నాడు ఆకలి ఎక్కువ. కాబట్టి టీలు మూడుకు దించి, సాయంత్రం నాలుగు తర్వాత ఆపేయాలి. ఆయాసానికి థియోఫిలిన్ మాత్రలు వాడేవాళ్లకు కూడా ఇదే ఎంజైము వర్తిస్తుంది. మానేశానని డాక్టరుకు చెప్పకపోతే పాత మోతాదే ఎక్కువైపోయి కడుపులో తిప్పడం, గుండె దడ మొదలవుతాయి.

భోజనం సంగతి మరో రకం. సిగరెట్ తాగేవాడికి భోజనం అయిపోయిందని చెప్పేది కడుపు కాదు, అగ్గిపుల్ల. అది పోయాక భోజనం అవదు, సాగుతూనే ఉంటుంది. పెరుగన్నం తర్వాత ఇంకొంచెం పెరుగన్నం, ఆపైన అరటిపండు, ఆపైన డబ్బాలో మొన్నటి ఓళిగ (బొబ్బట్టు). చేయి కడిగిన వెంటనే పళ్లు తోముకుంటే నోరు ఇక మూతపడిందని మెదడుకు అర్థమవుతుంది. పది నిమిషాలు నడిస్తే ఇంకా మంచిది. వక్కపొడి వద్దు, వక్క క్యాన్సర్ కారకమే. రంగురంగుల చక్కెర పూసిన సోంపు వద్దు, మామూలు సోంపు చిటికెడు పరవాలేదు. సిగరెట్ వదిలి గుట్కా, ఖైనీ పట్టుకుంటే ఒళ్ళు రాదని చెప్పేవాళ్లూ ఉన్నారు. నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లు సన్నబడేది నిజమే, ఆ విషయంలో వాళ్ల మాటకు ఎదురు లేదు.

ఉదయం ఉగ్గాని గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ జిల్లాలో వ్యాసం చెల్లదు. బొరుగుల్ని (మరమరాల్ని) నీళ్లలో ముంచి వెంటనే పిండేస్తారు, అరనిమిషం ఎక్కువైతే ముద్ద. తాలింపు నూనె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపు, చివర్లో పప్పుల పొడి. ఇంతవరకు నేరమేమీ లేదు. ఇంట్లో అయితే మనిషికి ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల నూనె చాలు, 120 కేలరీలు. నేరం పక్కనున్న మిరపకాయ బజ్జీలది. పిండి పలచగా కలిపి, సరిగా కాగని నూనెలో వేస్తే బజ్జీ నూనె తాగుతుంది. రెండో వాయి, మూడో వాయి అయ్యేసరికి కడాయి చల్లబడి ఇంకా తాగుతుంది. ఉగ్గాని పూర్తిగా తినండి, బజ్జీ ఒకటే తినండి. ఈ మాట చెప్పినవాణ్ణి ఈ జిల్లా క్షమించదని తెలుసు.

తాగాలనే తపన వచ్చిందంటే అది మూడు నుంచి ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాలూ చేతికి, నోటికి పని కావాలి. అందుకు మసాలా పల్లీల ప్యాకెట్ పనికిరాదు, రెండు నిమిషాల్లో ఖాళీ. ఉడకబెట్టిన బుడ్డలు పొట్టుతో 50 గ్రాములు జేబులో వేసుకుని ఒక్కో కాయ ఒలుచుకుంటూ తింటే చేతికి కావలసినంత పని. లేదంటే పలచటి మజ్జిగ. లేదా లేచి ఆర్ట్స్ కాలేజీ మైదానం వైపు నడక. డెబ్భై కిలోల మనిషి ముప్పావు గంట చురుగ్గా నడిస్తే ఆ 200 కేలరీలు మళ్లీ కనిపిస్తాయి.

నికోటిన్ గమ్ వాడుతున్నంత కాలం ఒళ్ళు పెరగడం కొంత వాయిదా పడుతుంది. కానీ మనవాళ్లు దాన్ని బబుల్‌గమ్ నమిలినట్టు నమిలి, ఎక్కిళ్లు, ఛాతీలో మంట తెచ్చుకుని, మందు మంచిది కాదని పారేస్తారు. నెమ్మదిగా నాలుగైదు సార్లు నమలాలి, నాలుక చురుక్కుమనగానే ఆపి చెంపకు, చిగురుకు మధ్య పెట్టాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. అంతకు పావుగంట ముందు టీ, కాఫీ, నిమ్మసోడా ఉండకూడదు, నోరు పుల్లగా ఉంటే నికోటిన్ ఎక్కదు. నిద్ర లేచిన అరగంటలోపే తొలి సిగరెట్ వెలిగించే వాళ్లకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2. ఏది, ఎన్నాళ్లనేది డాక్టరును అడగండి, లేదా సిగరెట్ పెట్టె మీద భయంకరమైన బొమ్మ పక్కనే మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు 1800-11-2356 ఉంది చూడండి. ఇన్నాళ్లూ ఆ పెట్టెలో దాన్నొక్కదాన్నే ఎవరూ వాడలేదు.

మానిన వారమే ఉపవాసాలు మొదలుపెట్టే వీరులకు ఒక మనవి. ఆకలి, సిగరెట్ తపన తొలి వారాల్లో ఒకే గొంతుతో పిలుస్తాయి. కడుపు మాడ్చుకున్న వాడు సాయంత్రానికి బంకు దగ్గర తేలతాడు. మూడు పూటలా వేళకు తిని, పైతిళ్లు తగ్గించుకుంటే తొలి నెలకు అది చాలు. బరువు కూడా రోజూ చూడొద్దు. వారానికోసారి, పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, అదే తూకం మీద. బస్టాండులో లైట్లు వెలిగే యంత్రం మీద, బూట్లతో, భోజనం చేసి ఎక్కితే అది చెప్పేది జాతకం. దానికన్నా టేపు నమ్మకమైనది: చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన చుట్టి, ఊపిరి వదిలి చూడాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దు. సన్నగా కనబడే సిగరెట్ రాయుళ్లు కూడా చుట్టి చూసుకోవాలి. పొగ తాగేవారిలో కొవ్వు చేతులు, కాళ్లు వదిలి నడుము చుట్టూ చేరే గుణం ఎక్కువ. బామ్మర్దికి చేతులు పుల్లలే, పొట్ట మాత్రం ఉంది. ఆయనకు అద్దం అడ్డంగా నిలబడి చూసుకునే అలవాటు లేదు.

పెరిగిన బరువుకు ఖరీదు లేదని కాదు. 2018లో వచ్చిన పెద్ద అమెరికా అధ్యయనంలో, మానాక బరువు పెరిగినవాళ్లకు షుగరు ముప్పు పెరిగి, ఐదు నుంచి ఏడేళ్ల మధ్య పతాక స్థాయికి చేరి, ఆపైన తగ్గింది. బరువు పెరగని వాళ్లకు ఆ ముప్పు లేదు. కాబట్టి నడక, చక్కెర లెక్కలు ఊరికే చెప్పినవి కావు. అయితే అదే అధ్యయనంలో పది కిలోల పైన పెరిగినవాళ్లు కూడా, తాగుతూనే ఉన్నవాళ్ల కన్నా గుండెజబ్బుతో తక్కువగానే పోయారు.

ఈలోగా ప్యాంటు. కిలోకు సుమారు ఒక సెంటీమీటరు నడుము అనుకుంటే, నాలుగున్నర కిలోలకు రెండంగుళాలకు కాస్త తక్కువ. మంచి టైలర్ వెనక కుట్టులో ఆ మాత్రం గుడ్డ మడిచి ఉంచుతాడు. రెడీమేడ్ జీన్సులో ఉండదు. రేపు మానాలనుకునేవాళ్లు ప్యాంట్లు ఇవాళే కుట్టించుకోవాలి.

చివరగా ప్రభుత్వానికి ఒక విన్నపం. 2003 నాటి పొగాకు చట్టం కింద బహిరంగ ప్రదేశంలో సిగరెట్ తాగితే 200 రూపాయల దాకా జరిమానా ఉంది. సిగరెట్ మానిన వాణ్ణి బహిరంగ ప్రదేశంలో ఆపి "ఒళ్ళు చేసినావే" అన్నవాడికి కూడా అంతే జరిమానా వేయాలి. వేలితో పొడిస్తే రెట్టింపు. బామ్మర్దిని ఉదాహరించినవాడి జరిమానా బామ్మర్ది దగ్గర కూడా వసూలు చేయాలి. తల్లులకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు. పది కిలోలు పెరిగి వచ్చినా వాళ్లు "చిక్కిపోయినావు నాయనా" అనే అంటారు.