చేపగారి సంతకంతో సేఫ్టీ సర్టిఫికెట్

చేపల తొట్టికి గాలి పంపే ఎయిర్ పంపు ఆ తొట్టిలోనే పడింది. బయటికి తీశారు, తువ్వాలుతో తుడిచారు, హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు ఊదారు, ప్లగ్గులో పెట్టారు. బుర్రుమంది, బుడగలొచ్చాయి. పక్కనున్నవాళ్లు ఎవరైనా నసిగితే జవాబు నాలుక చివరే ఉంటుంది: "చేపలు బాగానే ఉన్నాయిగా!"

ఈ మాట విన్నప్పుడల్లా మెగ్గర్ తయారుచేసేవాళ్ల మీద జాలేస్తుంది. పాపం, 500 వోల్టులు పంపి ఇన్సులేషన్ ఎన్ని మెగా ఓములుందో కొలవడానికి ఒక యంత్రమే తయారుచేశారు. ఒక గోల్డ్‌ఫిష్‌ను పెంచుకుంటే పోయేది కదా.

తనిఖీ ఎలా జరుగుతుందో ఊహించుకోండి. విద్యుత్ తనిఖీ అధికారి శ్రీ చేపగారు పంపు గొట్టం చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణ చేస్తారు. నోరు తెరుస్తారు, మూస్తారు. లీకేజీ లేదని దానర్థం. గులకరాయి ఒకటి నోట్లో వేసుకుని ఉమ్మేస్తారు. అది కార్యాలయ ముద్ర. ఫైలు మూశారు.

అధికారిగారి నిజాయితీని శంకించడం లేదు. ఆయన కూర్చున్న చోటే తేడా. గాజు తొట్టి, దాని కింద ఎండిన చెక్క బల్ల. నీళ్లలోకి కరెంటు దిగినా నేలకు పోయే దారి లేదు. తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కానట్టే ఈయనకూ ఏమీ కాదు. దారి ఏర్పడేది మీరు వట్టికాళ్లతో తడినేల మీద నిలబడి నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు. ఆ దారి మీరే. మీరు కింద పడ్డాకా ఆయన నివేదిక మారదు: అంతా బాగానే ఉంది.

ఇంకో పండితవర్గం ఉంది. "నీళ్లలో ఉండే సామానే కదా, తడిస్తే ఏమవుతుంది?" అంటారు. నీళ్లలో ఉండేది పవర్‌హెడ్, అంటే నీటిని తోసే మోటారు. దాని కాయిల్‌ను రెజిన్‌లో పోతపోసి ఉంటారు. నీళ్లలో తిరిగేది అయస్కాంతమున్న ఇంపెల్లర్, అంటే రెక్కల చక్రం, ఒక్కటే. ఎయిర్ పంపు వేరు జాతి. అందులో ఉన్నది కాయిల్, అయస్కాంతం బిగించిన చేయి, రబ్బరు డయాఫ్రం. పెట్టెకు సీలు ఉండదు. డ్రయ్యర్ ఆరబెట్టేది పైతొడుగునే. కాయిల్ చుట్ల మధ్య దూరిన నీరు తీరిగ్గా ఆరుతూ తనలోని లవణాలను అక్కడే వదిలేస్తుంది. ఆ లవణాలు గాలిలోని చెమ్మను పీలుస్తాయి, కరెంటుకు దొంగదారి వేస్తాయి, వెంట్రుకంత రాగితీగకు పచ్చచిలుము పట్టిస్తాయి. ఉప్పునీటి తొట్టిలో పడిందా, ఇక వాదనే వద్దు, పారేయండి.

చాలాసార్లు పంపు పడను కూడా పడదు. నీటిమట్టానికి కిందగా పెడతారు, కరెంటు పోతుంది, గొట్టంలోంచి నీళ్లు వెనక్కి లాగి పంపు కడుపులోకి దిగుతాయి. చెక్ వాల్వ్ ఒక్కటుంటే ఆగేది. దాని మీది బాణం తొట్టి వైపు ఉండాలి. నోటితో ఊదితే ఒకవైపే గాలి పోవాలి. దాన్ని తలకిందులు చేసి బిగించి, "బుడగలు రావట్లేదు, పంపు పాడైంది" అనేవాళ్లకు ప్రత్యేక వందనం.

పవర్‌హెడ్ లాంటి సబ్‌మర్సిబుల్ మోటారునైతే నిక్షేపంగా మళ్లీ వాడొచ్చు, చూసి వాడితే. ఇంపెల్లర్ పీకి, వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి అరగంట నానబెడితే తెల్ల గార వదులుతుంది. తర్వాత వైరు మోటారులోకి దూరేచోట వేలితో వంచి చూడండి. గట్టిపడినా, పగిలినా, రెజిన్ ఉబ్బినా దానికి ఆయువు తీరినట్టే. వైరు మీద నల్లటేపు చుట్టి నీళ్లలో ముంచేవాళ్లకు చేపగారి సంతకం కూడా అక్కర్లేదేమో. ప్లగ్గు, టైమరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూవీ లైటుకు కరెంటు సర్దే బాలాస్ట్ నీళ్లలో మునిగితే ఆరబెట్టే పనే పెట్టుకోవద్దు. హీటరు గాజులోపల ఆవిరి కనిపించినా అంతే.

విచిత్రమేమంటే అధికారిగారికి నిజంగా తెలిసిన శాఖ ఒకటుంది. గంటలతరబడి ఆగిపోయిన క్యానిస్టర్ ఫిల్టరులో ఆక్సిజన్ అయిపోయి నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా చస్తుంది, నీళ్లు కుళ్లుతాయి. వాటిని పారబోసి, స్పాంజిని తొట్టినీళ్లలోనే జాడించి, అప్పుడు ఆన్ చేయాలి. అలా చేయకుండా స్విచ్చేస్తే ఆ మురుగంతా తొట్టిలోకే వస్తుంది, చేపగారు పైకొచ్చి నోరు తెరిచి మొత్తుకుంటారు. ఆ సాక్ష్యాన్ని మాత్రం ఎవరూ నమ్మరు. "ఆకలేస్తోంది కాబోలు" అని ఇంత మేత చల్లుతారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తడిసిన పంపును తుడిచి, డబ్బాలో పెట్టి, "చక్కగా పనిచేస్తోంది" అని కొత్తగా తొట్టి పెట్టుకున్న పిల్లాడికి ఇచ్చేవాళ్లున్నారే, వాళ్లను చూస్తే నవ్వు రాదు. ఒళ్లు మండుతుంది. పనిచేస్తుందయ్యా! లీకేజీ ఉన్న మోటారు కూడా తిరుగుతుంది! ఆ పిల్లాడు రోజుకు నాలుగుసార్లు నీళ్లలో చెయ్యి పెడతాడు! అడిగితే "ఎంసీబీ ఉందిగా" అంటారు. ఆరు ఆంపియర్ల ఎంసీబీ అంటే 6,000 మిల్లీ ఆంపియర్లు దాటితేగానీ కరెంటును తెంపని స్విచ్చు. గుండె లయ తప్పడానికి కొన్ని పదులు చాలు. ఎంసీబీ కాపాడేది గోడలో వైరును, పిల్లాణ్ని కాదు. మనిషి కోసం పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు లెక్క కుదరకపోతే రెప్పపాటులో తెంపేస్తుంది. అది మీ బోర్డులో ఉంటే దాని టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడండి. దాని మీట పడిపోకపోతే అదీ చేపగారి శాఖలో చేరినట్టే.

ఆ తడిసిన పంపును చెత్తలో వేసేముందు ప్లగ్గు పీకి, వైరును మొదలుకంటా కత్తిరించండి. లేకపోతే ఎవరో ఒకరు ఏరుకుని తుడుస్తారు.