మీడియం ఏమిటో రాయండి

నిజాంపేట రోడ్డులో హాస్టలున్న కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ: ‘ఒత్తిడి పడితేనే బొగ్గు వజ్రమవుతుంది’. కట్టించినవాళ్లకు ఫిజిక్స్ వచ్చనే అనుకుందాం. ఒత్తిడినే నమ్ముకుని బతికే క్యూప్రేట్ల (రాగి ఆక్సైడ్ పదార్థాల) ల్యాబుల పద్ధతిని వారి పరిశీలనకు సవినయంగా సమర్పిస్తున్నాం.

ల్యాబులో వజ్రం నొక్కే పనిముట్టు. కొన 300 మైక్రాన్లుండే రెండు వజ్రాల మధ్య గాస్కెట్ అనే లోహపు రేకును ముందే 50 మైక్రాన్లకు అదిమి, నడుమ 120 మైక్రాన్ల రంధ్రం తొలుస్తారు. గాస్కెట్ మామూలు ఉక్కుదైతే దాని అయస్కాంతత్వమే శాంపిల్ సిగ్నల్‌ను మింగేస్తుంది, అందుకే బెరీలియం కాపర్. రంధ్రంలో శాంపిల్, రూబీ పలుకు, నాలుగు పాళ్ల మిథనాల్‌కు ఒక పాలు ఇథనాల్. ఒత్తిడిని అన్ని వైపులా సమంగా పంచే ఈ ద్రవమే మీడియం. మరి ఫ్లెక్సీలోని పిల్లాడో? రంధ్రంలోనే!

లాంథనమ్ క్యూప్రేట్‌లో పక్కపక్క రాగి అయాన్ల స్పిన్‌లు, అంటే బుల్లి అయస్కాంతాలు, ఎదురు దిక్కులు చూస్తాయి. మధ్యవర్తి ఆక్సిజన్. రాగికీ ఆక్సిజన్‌కూ దూరం సుమారు 1.9 ఆంగ్‌స్ట్రామ్‌లు. సమంగా నొక్కితే దూరం తగ్గి ఆ పట్టు బిగుస్తుంది. వాలుగా నొక్కితే జాలకం మెలిపడి, రాగి–ఆక్సిజన్–రాగి కోణం 180 డిగ్రీల నుంచి వంగితే పట్టు సడలుతుంది. మీటరు మీద మాత్రం ఒత్తిడి చెప్పే గిగాపాస్కల్ అంకె ఒకటే.

1994లో పాదరసం క్యూప్రేట్ సూపర్‌కండక్టరయ్యే (నిరోధం లేకుండా కరెంటు పారే) ఉష్ణోగ్రత 30 గిగాపాస్కల్స్ దగ్గర 164 కెల్విన్ దాకా ఎక్కిందిగా, అంటారు. ఎక్కింది. నొక్కినవాళ్లు కొలుస్తూ నొక్కారు.

ఒత్తిడిని కొలిచేది రూబీ. లేజరు పడితే పక్కపక్కనే రెండు గీతలుగా వెలుగుతుంది; 694.2 నానోమీటర్ల దగ్గరుండే గీత గిగాపాస్కల్‌కు 0.365 నానోమీటర్లు జరుగుతుంది. హాస్టళ్లలోనూ పెట్టొచ్చు. ప్రతి చొక్కా జేబులో ఒక రూబీ. తెల్లారి 5 గంటల స్టడీ అవర్‌లో వార్డెన్ లేజరు పట్టుకుని వరసలు తిరుగుతాడు. “మీవాడు 694.9లోనే ఉన్నాడండీ, ఇంకో రెండు స్క్రూలు తిప్పొచ్చు” అని నాన్నగారికి ఫోను. పక్కింటి అబ్బాయి 696 అని తెలిసి నాన్నగారికి నిద్ర పట్టదు. ఆదివారం టెస్టు, సోమవారం నోటీసు బోర్డు మీద రూబీ ర్యాంకులు. ఆ వారంలోనే అమీర్‌పేటలో రూబీ క్రాష్ కోర్సు, మెటీరియల్ ఫ్రీ.

చిన్న చిక్కుంది. 10 గిగాపాస్కల్స్ దాటితే మిథనాల్ మిశ్రమం గాజులా గట్టిపడుతుంది, ఒత్తిడి తలా ఒకలా పడుతుంది. రూబీ రెండు గీతలూ ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నిన్న చేరిన రీసెర్చి స్కాలర్ కూడా అది చూసి స్క్రూ మీంచి చెయ్యి తీసేస్తాడు.

మీరు తీయరే! వాడు అన్నం మానేశాడు, ఫోనులో “బాగున్నాను మమ్మీ” అనే గొంతు మారింది. గీత ఉబ్బడమంటే ఇంకేమిటి? దానికి మీ మందు, కింది సెక్షన్‌కి మార్చడమూ, అందరి ముందూ నిలబెట్టడమూనా? సిగ్గులేదా?

ఆ ఫ్లెక్సీ దింపండి. దింపడం కుదరదంటే కనీసం మీడియం ఏమిటో కింద రాయండి. మిథనాలా, హీలియమా, మీ మెస్సు సాంబారా.